నాన్న నోట అరవై నాలుగు అక్షరాలు

జూలై మొదటి వారానికి నేను పన్నెండో ఇమేజ్ తయారు చేశాను. అంతకు ముందువి పదకొండూ పనికిరాలేదు. ఒకటి లేవనే లేదు, ఇంకొకటి లేచి ఇంగ్లీషులో మాట్లాడింది, మరొకటి మా స్పానిష్‌లోనే మాట్లాడింది గానీ రైలు తప్పిపోతున్నట్టు పరుగులు పెట్టింది.

ఇమేజ్ అంటే పెద్ద సంగతేం కాదు. కంప్యూటర్ నడవడానికి కావలసిన ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటకట్టడం. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఏ పాత మెషీన్‌కి పెట్టినా అది లేచి పనిచేయాలి. నాకు కావలసింది మాత్రం లేవగానే మాట్లాడే సిస్టమ్. మా ఊరు ఓల్గీన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ చూపు లేనివాళ్ళు నలభై ఒక్కమంది నా దగ్గర పేరు రాయించుకున్నారు. అందరి దగ్గరా ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లున్నాయి. వాటిలో సిస్టమ్ ఎక్కించాలంటే కళ్ళున్నవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలి, వాళ్ళకి తీరికుండదు. ఎవరినీ బతిమాలుకోకుండా, ఎవరికి వాళ్ళు ఎక్కించుకునేది ఒకటి చేసిస్తానని గొప్పలు పోయాను. మా ఇళ్ళలో అప్పట్లో ఇంటర్నెట్ లేదు. విశ్వవిద్యాలయంలో ఉన్న స్నేహితురాలు ఒక్కో ముక్కా దించి తెచ్చిస్తే, ఇంటి దగ్గర కరెంటున్నప్పుడల్లా కూర్చుని అతికించేదాన్ని.

అందరిలోకీ తొందర హిబారాలో ఉండే నెరెయిదాది. ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు, పుట్టుకతోనే చూపు లేదు. బస్ టెర్మినల్‌లో ఫోన్ చేసినవాళ్ళకి బస్సు వేళలు చెప్పే ఉద్యోగం ఖాళీ అయింది. సెప్టెంబరు ఐదున పరీక్ష. కంప్యూటర్‌లో ఉన్న వేళల పట్టిక తెరిచి, అడిగిన బస్సు వెతికి, వెంటనే చెప్పాలి. మాట్లాడే సిస్టమ్ పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్తే చెప్పగలదు, లేకపోతే ఆ ఉద్యోగం కళ్ళున్న ఇంకెవరికో పోతుంది. ఆమెకి అది మొదటి ఉద్యోగం అవుతుంది.

పన్నెండోది లేచి, "నమస్కారం, నేను సిద్ధంగా ఉన్నాను," అంది.

వెనక గదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "ఎవరే వచ్చింది?"

నేను కుర్చీలోంచి లేచిపోయాను. నాన్న తనంతట తానుగా ఒక ప్రశ్న అడిగి నాలుగు నెలలైంది. ఆయన పేరు ఎలియేసర్. ముప్ఫై నాలుగేళ్ళు తంతి ఆఫీసులో పనిచేశాడు. నీటికాసులతో చూపు సన్నగిల్లుతూ వచ్చి, ఆ ఏడు మార్చిలో పూర్తిగా పోయింది. అప్పటినుంచి వెనక గదిలో ఊగే కుర్చీలో కూర్చుంటాడు, ఊగడు. అన్నం పెడితే తింటాడు. అమ్మ తిడితే వింటాడు. మేం ఏం చూపించాలన్నా ఆయనకి చూపించలేం గనక, మెల్లగా మేమూ మాట్లాడటం తగ్గించాం. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది.

"ఎవరూ రాలేదు నాన్నా. మెషీన్ మాట్లాడింది."

"దానికి చెప్పు, 'ర' సరిగ్గా పలకమని," అన్నాడు నాన్న.

మా అమ్మ జెనాయిదా వంటింట్లోంచి తల బయటపెట్టి నావైపు చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయి, పప్పు కుక్కర్ మూత రెండుసార్లు ఊరికే తీసి పెట్టింది.

*

ఇమేజ్ చేయడం ఒక ఎత్తు, పంచడం ఇంకో ఎత్తు. పంచేవాడు ఓస్మెల్. వారం వారం సీరియళ్ళూ సినిమాలూ పాటలూ డిస్క్‌లో నింపుకుని, మోటార్ సైకిల్ మీద ఊరూరూ తిరిగి కాపీ చేసిపెడతాడు. ఎవరి డిస్క్ వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడతారు.

"నా డిస్క్‌లో చివర చోటుంది అక్కా. నీ మూగ ఫైలుని వాళ్ళకి ఊరికే ఇస్తాను," అన్నాడు ఓస్మెల్.

"మూగది కాదురా, ఇది మాట్లాడేది. దారిలో ఎవరూ దీన్ని చెడగొట్టకూడదు. ఆటలూ ప్రకటనలూ దూర్చకూడదు."

"నేను దూరుస్తానా?"

"నీకు ముందు పంచినవాడు దూర్చాడుగా."

అందుకే వేలిముద్ర ఉంటుంది. ఎంత పెద్ద ఫైలునైనా ఒక చిన్న ప్రోగ్రాంకి ఇస్తే అరవై నాలుగు అక్షరాల గుర్తు ఒకటి చెబుతుంది. కొన్ని అంకెలు, కొన్ని ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. ఫైలులో ఆవగింజంత మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. నా దగ్గర వచ్చిన గుర్తూ, వాళ్ళ దగ్గర మెషీన్ చదివి వినిపించే గుర్తూ ఒకటైతే కాపీ మంచిది. ఆ గుర్తుని కూడా అదే డిస్క్‌లో రాసి పంపితే, ఫైలుని మార్చినవాడు గుర్తునీ మార్చి రాస్తాడు. కాబట్టి అది వేరే దారిన వెళ్ళాలి. మాకున్న వేరే దారి ఇంట్లోని ఫోన్ ఒక్కటే, అదీ నాన్న ఉద్యోగం పుణ్యాన వచ్చినది.

నలభై ఒక్కమందికి అరవై నాలుగేసి అక్షరాలు చదవడం నావల్ల కాదు. ఒక చోట పది నిమిషాలు కుదురుగా కూర్చోలేను. అందుకని నాన్న దగ్గరికి వెళ్ళి, "నీకేం పనుంది గనక, ఇది కంఠతా పట్టు," అన్నాను. అలాగే అన్నాను, అంత మొరటుగా.

"చదువు," అన్నాడు.

ఒక్క పూటలో పట్టేశాడు. నాలుగేసి అక్షరాల చొప్పున పదహారు గుత్తులు. ఫోన్లో బి అన్నా డి అన్నా ఒకేలా వినిపిస్తుందని, తంతి అలవాటు కొద్దీ ఒక్కో అక్షరానికి ఒక పేరు పెట్టాడు, అన్నీ మా చుట్టాల పేర్లే. ఎ అంటే అవ్రోరా, బి అంటే బెనీతో, సి అంటే కరిదాద్, ఆ తర్వాత దమాసో, ఎల్వీరా, ఫెర్మీన్.

"ఏడు, కరిదాద్, కరిదాద్, రెండు. ఫెర్మీన్, ఒకటి, తొమ్మిది, అవ్రోరా."

"కరిదాద్ ఒకసారి వస్తేనే మూడు రోజులు కదలదు. వరసగా రెండుసార్లా?" అంది అమ్మ.

నాన్న నవ్వాడు. ఆ నవ్వు విని నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు ఎండలో నిలబడ్డాను.

*

జూలై చివరి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నాన్న పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఊగే కుర్చీని ఫోన్ పక్కకి లాగించుకున్నాడు.

"ఫోన్లో గడ్డం కనిపిస్తుందా ముసలోడా?" అని అమ్మ వేళాకోళం చేసేది.

"గొంతులో తెలుస్తుంది," అనేవాడు.

పదహారు గుత్తులూ తడబడకుండా, ఒక్కోదాని మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పేవాడు. అవతలివాళ్ళు, "సరిగ్గా ఉంది ఎలియేసర్ గారూ," అనేవాళ్ళు. ఆయన వాళ్ళ పేరు అడిగి, ఊరు అడిగి, ఇంట్లో ఎవరెవరున్నారో అడిగి, ఫోన్ పెట్టేశాక మాకు చెప్పేవాడు. రెండు వారాల్లో నలభై ఒక్కమంది, అందరిదీ సరిగ్గా ఉంది. మా ఇంట్లో మళ్ళీ భోజనాల దగ్గర గొడవలు మొదలయ్యాయి, ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారని.

నాకు మాత్రం కుదురు లేదు. నలభై ఒకటికి నలభై ఒకటీ మంచివేనా? ఓస్మెల్ డిస్క్ కింద పడని వారం లేదు. అయినా నాన్న మొహం చూసి నోరు మూసుకున్నాను.

ఆగస్టు పదిహేను దాటాక నెరెయిదా ఫోన్ చేసింది. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను.

"లేస్తుంది, పలకరిస్తుంది అంటున్నావు. పట్టిక తెరిస్తే మూగబోతుందా?" నాన్న జాగ్రత్తగా అడుగుతున్నాడు. "వేలిముద్ర కలిసిందిగా తల్లీ? మొన్న నువ్వే చెప్పావు. కలిస్తే ఇమేజ్‌లో తప్పుండదు. నీ మెషీన్ ఎవరికైనా చూపించు."

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ చేసింది. మెషీన్ చూపించిందట, బాగానే ఉందన్నారట. అయినా పట్టిక దగ్గర గొంతు ఆగిపోతోంది. నాన్న మళ్ళీ మొదటినుంచి పదహారు గుత్తులూ చెప్పాడు.

"సరిగ్గా ఉందా?"

అవతలినుంచి ఏమన్నదో నాకు వినిపించలేదు.

"చూశావా మరి," అని నాన్న ఫోన్ పెట్టేశాడు.

"నాన్నా, ఒకవేళ నువ్వు చెప్పడంలో..."

మాట పూర్తికాకుండానే ఆయన మొహం బిగుసుకుంది. "కాగితం తీసుకో," అన్నాడు. తీసుకున్నాను. అరవై నాలుగూ చెప్పాడు, ఒక్కటి జారలేదు. "ఇప్పుడు చెప్పు, నా చూపు పోయిందా, బుద్ధి పోయిందా?"

నేను మర్నాడే హిబారాకి బయల్దేరాను. ఇంట్లో ఉంటే ఏదో ఒకటి అనేసేలా ఉన్నాను.

*

గంటన్నర ట్రక్కులో నిలబడి వెళ్ళేసరికి కాళ్ళు పీకుతున్నాయి. నెరెయిదా ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల. వాళ్ళక్క చేపలు వేయిస్తోంది. కంప్యూటర్ మీద ఉతికిన గుడ్డ కప్పి ఉంది. నెరెయిదా దాన్ని మెల్లగా తీసి మడతపెట్టింది.

నేను కూర్చుని ముందుగా ఆమె దగ్గరున్న ఇమేజ్ వేలిముద్ర తీశాను. నాలుగు నిమిషాలు పట్టింది. మెషీన్ చదవడం మొదలుపెట్టింది: మూడు, ఎనిమిది, బి, సున్నా.

మొదటి అక్షరమే ఏడు కావాలి.

రెండోసారి తీశాను. మళ్ళీ అదే మూడు.

"కలవలేదు," అన్నాను. "ఒక్కటి కూడా కలవలేదు. మీరు సరిగ్గా ఉందని చెప్పారు కదా?"

నెరెయిదా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేయించే చప్పుడు ఆగిపోయింది.

"ఆయన చెబుతుంటే వినాలా, మెషీన్ చదువుతుంటే వినాలా?" అంది. "మీరైతే కాగితం మీద చూస్తూ వింటారు. నాకు రెండూ చెవిలోకే రావాలి కదమ్మా. రెండు గొంతులు ఒకేసారి చెబుతుంటే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"ఆగమనాల్సింది. ఒక్కో గుత్తీ చెప్పించుకోవాల్సింది."

"మొదట అందామనే అనుకున్నాను. కానీ ఆయన ఎంత బాగా చెబుతారు. కరిదాద్ అంటారు, ఎల్వీరా అంటారు. చివర ఊపిరి బిగబట్టి, సరిగ్గా ఉందా అని అడుగుతారు. ఆ గొంతుకి కాదని ఎలా చెప్పను? అవునన్నాను."

"మిగతావాళ్ళు?"

"మాలో మేం ఫోన్లు చేసుకుంటాం. అందరిదీ ఇదే సంగతి. నవ్వుకున్నాం కూడా." ఆమె గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది. "చిన్నప్పటినుంచీ కళ్ళున్నవాళ్ళు నేనేం చేసినా బాగుంది బాగుంది అంటారు. బొత్తాలు తప్పు పెట్టుకున్నా బాగుందనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మొన్న ఆయనకి నేనూ అదే చేశాను."

నేను సంచి తెరిచి చూశాను. మంచి కాపీ ఒకటి సంచిలో వేసుకుని రావాలన్న జ్ఞానం కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాను. పరీక్షకి రెండు వారాలే ఉంది.

"ఓస్మెల్‌తో మళ్ళీ పంపుతాను," అన్నాను.

"పంపండి. ఆయనకి మాత్రం చెప్పకండి."

*

ఓస్మెల్‌ని బజారులో పట్టుకున్నాను. కాపీ ఎలా చేస్తావో చూపించమన్నాను. చూపించాడు. తెర మీద గీత నిండగానే తీగ పీకేశాడు.

"అదేంట్రా, డిస్క్ దీపం ఇంకా మిణుకుమంటోంది."

"గీత నిండిందిగా అక్కా."

"గీత నిండితే అయిపోయినట్టు కాదు. లోపల ఇంకా రాస్తోంది. నువ్వు చివరి ముక్క రాయకుండానే లాగేస్తున్నావు."

"వెనక పదిమంది సీరియల్ కోసం నిలబడి ఉంటారు. దీపం ఆరేదాకా ఉంటే నన్ను కొడతారు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. సినిమాలో చివరి పేర్లు పోతే ఎవడికి కావాలి?"

నా ఇమేజ్‌లో చివరికి ఉన్నది గొంతులో పట్టికలు చదివే ముక్క. అది నేను పెట్టిన వరస. ఎవరిని తిట్టుకోవాలో తెలియక ఇద్దరినీ తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

రెండు రోజులు చెప్పలేకపోయాను. ఉతికిన బట్టలే ఉతికాను. ఫ్యాను విప్పి తుడిచి, బిగించి, మళ్ళీ విప్పాను. నాన్న ఫోన్ పక్కనే చొక్కా నలగకుండా కూర్చుని ఉన్నాడు. చెప్పకుండా ఊరుకోవచ్చు. కొత్త పేరుతో కొత్త ఇమేజ్ అని పంపితే ఎవరికీ తెలియదు. ఆయన మళ్ళీ చెబుతాడు, వాళ్ళు మళ్ళీ అవునంటారు. అలా ఎంతకాలమైనా నడుస్తుంది. నెరెయిదాకి మళ్ళీ చెడ్డది వెళ్ళినా మాకెవరికీ తెలియదు.

మూడోరోజు మధ్యాహ్నం అమ్మ బియ్యంలో రాళ్ళేరుతుంటే, వంటింటి గడపలో నిలబడి మొత్తం చెప్పేశాను. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఎంతమంది?" అన్నాడు.

"అందరూ అవునన్నారు. ఎన్ని మంచివో, ఎన్ని చెడ్డవో తెలీదు."

"పోల్చలేదన్నమాట. ఒక్కళ్ళు కూడా."

"మన్నించు నాన్నా."

"నువ్వూ జాలిపడేనా ఈ పని నాకిచ్చింది?"

అబద్ధం చెప్పడానికి తీరిక దొరకలేదు. "లేదు. నాకు ఓపిక లేక ఇచ్చాను."

అమ్మ చేతిలో పళ్ళెం ఆగింది. నాన్న లేచి, గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు బయటికి రాలేదు. ఫోన్ మోగితే అమ్మ తీసి, "లేడు," అని పెట్టేసేది. అమ్మ నాతో కూడా మాట్లాడలేదు. మార్చి నెల మళ్ళీ వచ్చిందనుకున్నాను. ఈసారి తెచ్చింది నేను.

ఆగస్టు ఇరవై ఏడున పొద్దున్న ఫోన్ మోగింది. అమ్మ పెరట్లో ఉంది, నేను స్నానానికి వెళ్ళబోతున్నాను. నాన్న గదిలోంచి వచ్చి, తడుముకుని తీశాడు. గడ్డం మాసి ఉంది.

"వేలిముద్రకేనా? ఈసారి నేను చెప్పను. ఫోన్ని మెషీన్ గొంతు దగ్గర పెట్టు. అది చదువుతుంది, నేను వింటాను." కాసేపు విన్నాడు. "ఆపు. నీది చెడ్డది. చెరిపెయ్."

ఫోన్ పెట్టేసి నన్ను పిలిచాడు.

"తంతిలో అందుకున్నవాడు తిరిగి చదివితేనే పని అయినట్టు. అలా చదివించుకోకుండా ఒక్కటి కూడా పంపలేదు నేను. ఇక్కడ కూర్చుని పాటగాడిలా వల్లించాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. తప్పు నాది." చేయి చాపాడు. "ఆ నలభై ఒక్క నంబర్లూ చదువు."

మూడు రోజులు పట్టింది. నేను నంబరు తిప్పుతాను, ఆయన వింటాడు. అవతల మెషీన్ ఎంత గొణిగినా, ఫోన్ ఎంత గరగరలాడినా, చెవికి ఆనించుకుని కదలకుండా వినేవాడు. కొందరు ఏడ్చారు, కొందరు కోప్పడ్డారు. ఒకాయన, తన మేనల్లుడు చూసి బాగుందన్నాడని చెప్పాడట. "మీ మేనల్లుణ్ణి ఫోన్ దగ్గరికి రమ్మను, వాడికి కూడా కాదనే చెబుతాను," అన్నాడు నాన్న. నలభై ఒకటిలో ఇరవై ఆరు చెడ్డవి తేలాయి.

ఓస్మెల్‌కి దీపం ఆరేదాకా తీగ ముట్టనని ఒట్టు వేయించి, మంచి కాపీ ఇచ్చి అందరికంటే ముందు హిబారాకి పంపాను. ముప్ఫై ఒకటిన నెరెయిదా ఫోన్ చేసింది. నాన్న మొదటి గుత్తి కూడా పూర్తి కాకుండానే, "కాదు," అన్నాడు. వరసలో ఎవరో కేకలేస్తే ఓస్మెల్ మళ్ళీ లాగేశాడు. వాణ్ణి నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. సెప్టెంబరు రెండున మళ్ళీ వెళ్ళాడు. ఈసారి నాన్న పదహారు గుత్తులూ విన్నాడు. తొమ్మిదోది మళ్ళీ చదివించుకున్నాడు. తర్వాత వేళ్ళ మీద పదహారూ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. అవతలినుంచి నెరెయిదా, "ఎలియేసర్ గారూ?" అంటోంది.

"ఇది మంచిది," అన్నాడు. "ఎక్కించుకో తల్లీ."

*

ఐదో తేదీ పొద్దుటినుంచీ మా ఇంట్లో ఎవరం కుదురుగా లేం. అమ్మ అన్నం మాడ్చింది. నేను ఇంటికీ వీధికీ ఎన్నిసార్లు తిరిగానో. నాన్న మాత్రం కుర్చీలో ఊగుతూ ఉన్నాడు. గడ్డం గీయించుకోలేదు, ఎవరి కోసమని అన్నాడు.

మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ మోగింది. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాను.

"వచ్చింది ఎలియేసర్ గారూ. పట్టిక మొత్తం చదివింది, ఎక్కడా ఆగలేదు. ఉద్యోగం నాకే ఇచ్చారు."

నాన్న ఊగడం ఆపాడు.

"వినిపించిందా?"

"నిజంగానేనా," అన్నాడు నాన్న, "లేక ముసలాడు సంతోషిస్తాడనా?"

"నిజంగానే."

"ఆ మాట ఇంతకు ముందూ అన్నావు తల్లీ."

అటువైపు ఊపిరి వినిపించింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అక్కడ ఇంకెవరున్నారు?" అన్నాడు నాన్న. "ఫోన్ వాళ్ళకివ్వు."

చేతులు మారిన చప్పుడు. ఎవరో పెద్దావిడ, పనిలో ఉన్న గొంతుతో, "ఎవరండీ మాట్లాడేది?" అంది.

"ఆ అమ్మాయి తెలిసినవాణ్ణి. ఆమెని ఎప్పటినుంచి రమ్మన్నారో, ఎన్నింటికి రమ్మన్నారో చెప్పండి."

"సోమవారం. పొద్దున్న ఏడింటికి. రెండో బల్ల. ఏం?"

"మళ్ళీ చెప్పండి."

"ఇదేం మనిషండీ. సోమవారం, పొద్దున్న ఏడింటికి, రెండో బల్ల."

నాన్న థాంక్స్ చెప్పి ఫోన్ మెల్లగా పెట్టాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన మొహం ఆవిడ ఉన్నవైపు తిప్పాడు.

"రెండుసార్లూ ఒకటే చెప్పింది," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.